పూలనీళ్లతో పంపని మాత్రలు

కాన్‌స్టాంటీన్,
మార్చి మొదటి వారం

రెబీహాకి,

ఉత్తరం రాలేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. మీ అన్న పోయినప్పటి నుంచి కలం పట్టుకుంటే అలవాటు కొద్దీ "మేమిద్దరం క్షేమం" అని రాయబోతాను. ఆ "ఇద్దరం" దగ్గర చెయ్యి ఆగిపోతుంది. కాగితం మడిచి పక్కన పెట్టేస్తాను. ఇవాళ మాత్రం పూర్తి చేస్తాను. చెప్పాల్సింది చాలా ఉంది. కంగారుపడకు, చివరికి మంచి కబురే.

జనవరిలో ఒక పొద్దున కుట్టుపనికి పోతున్నాను. తీగల వంతెన నీకు తెలుసుగా, దాని మధ్యలో నిలబడి లోయలోకి నారింజ తొక్కలు విసిరి మీ అన్న చేత చీవాట్లు తిన్నదానివి. ఇన్నేళ్లుగా ఆ వంతెన మీదుగానే లల్లా ఫతూమా కుట్టుశాలకి పోతున్నాను. ఆ రోజు మధ్యకి వచ్చేసరికి గుండెని ఎవరో పిడికిట్లో పెట్టి పిండినట్టయింది. ఊపిరి అందలేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. కమ్మీ పట్టుకుని అక్కడే కూలబడ్డాను. మీ అన్నకి వచ్చిన గుండెపోటే నాకూ వచ్చిందనుకున్నాను, నిజం. కాలేజీ ఆడపిల్లలిద్దరు చెరో పక్కా పట్టుకుని అవతలికి చేర్చారు.

ఆ తర్వాత వంతెన కనబడితేనే ఒళ్లు చల్లబడేది. చుట్టుదారిలో బస్సెక్కి పోయేదాన్ని. కొన్నాళ్లకి బస్సులోనూ అదే. ఆఖరికి మా వీధి చివర రొట్టెల కొట్టు దాకా పోవాలన్నా గుమ్మం పట్టుకుని నిలబడిపోయేదాన్ని. పని మానేశాను. లల్లా ఫతూమా సంగతి తెలుసుగా, మనిషిని పంపకుండా తనే వచ్చింది. "పెళ్లిళ్ల కాలం నెత్తిమీదికి వస్తుంటే నా జరీ చెయ్యి ఇంట్లో కూర్చుంటే ఎలా?" అని నన్ను టాక్సీలో పడేసి డాక్టర్ సకీనా దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించింది. "గుండె గుర్రంలా ఉంది ఉనీసా" అంది.

"మరి వంతెన మీద అలా ఎందుకయింది?"

"భయం వల్ల."

"నేనేం భయపడలేదే. పనికి పోతున్నాను, అంతే."

"నువ్వు పనికి పోతున్నావు, నీ ఒళ్లు భయపడింది. మీ ఆయన పోయాక కడుపారా ఏడ్చావా?"

"నేను ఏడుస్తూ కూర్చుంటే పెళ్లి గౌన్లు ఎవరు కుడతారు డాక్టరమ్మా?" అన్నాను. ఆ మాట అంటూనే ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఆమె గడియారం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాత ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకు రమ్మంది. నా దగ్గుమందు, వసంతంలో నాకొచ్చే దురదకి వాడే మాత్రలు, మీ అన్నవి మిగిలిపోయినవీ అన్నీ పట్టుకుపోయాను. దగ్గుమందు, దురద మాత్రలు పక్కకి తీసేసింది. అవీ మత్తు తెస్తాయట, తను రాసే కొత్త మాత్రతో కలిస్తే మనిషి లేవలేనంతగా పడిపోవచ్చట. మీ అన్న మందులు మందుల షాపులో అప్పగించెయ్యమంది. అప్పగించాను. ఆ డబ్బాల మీద ఆయన పేరు ఉంది. అదొక్కటే కష్టమనిపించింది.

ఆ కొత్త మాత్ర చిన్నది, పొద్దున సగం, సాయంత్రం సగం. ఎప్పటికీ కాదు, కొన్ని వారాలకే అని ముందే చెప్పింది. "బాగుంది కదా అని ఎక్కువ వేసుకోకు. ఒక పూట మర్చిపోతే మరుసటి పూట రెండు కలిపి మింగకు. ఆపాలనిపిస్తే నాతో చెప్పు. ఇది అలవాటైపోయే మందు, అందుకే మనిద్దరం దాని మీద ఒక కన్నేసి ఉంచాలి" అంది. ఆ "మనిద్దరం" అన్న మాట నాకు మాత్రకంటే ముందు పనిచేసింది.

ఇప్పుడు నిద్ర పడుతోంది. లల్లా ఫతూమా జరీ కుట్టే చట్రాన్ని మా ఇంటికే పంపింది. నిన్న మఖమలు మీద జరీ తీగ లాగితే వేళ్లు వణకలేదు. దేవుడికి, డాక్టరమ్మకి, ఆ మొండి ముసలావిడకి, పేరు తెలియని ఆ ఆడపిల్లలిద్దరికీ రోజూ దండం పెట్టుకుంటున్నాను. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. మీ ఆయనకి, ఖమీసీ అన్నయ్యకి మాత్రం చెప్పుకో, పర్వాలేదు.

మీ వదిన
ఉనీసా

*

అన్నాబా,
మార్చి ఆఖరు

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, తర్వాత కోపం వచ్చింది. వంతెన మీద పడిపోయిన మనిషివి, రెండు నెలలు నాకో ముక్క రాయవా? బస్సు డిపోకి ఫోను చేయిస్తే ఖమీసీ వచ్చి చెప్పేవాడు కాదా? నేను పరుగెత్తుకు వచ్చేదాన్ని కాదా? మా అన్న ఉంటే మనిద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేసేవాడు, నువ్వు మాట్లాడేదాకా, నేను నోరు మూసేదాకా.

పోనీలే, బతికి బట్టకట్టావు. లల్లా ఫతూమా చేతులు ముద్దు పెట్టుకున్నానని చెప్పు. ఆ డాక్టరమ్మకి కూడా చెప్పు, అయితే చేతులు వద్దు, సలాం చాలు.

ఇక్కడ సంగతులు మామూలే. సర్దీన్ చేపలు చవగ్గా వచ్చాయి, ఊరంతా అదే వాసన. ఖమీసీ సెరైదీ కొండదారి బస్సే నడుపుతున్నాడు. ఈ మధ్య సరిగ్గా తినడం లేదు. ఏమని అడిగితే "కొండదారి, పొగమంచు, జనం" అంటాడు. జనం ఎప్పుడూ ఉండేవాళ్లే కదా అంటే లేచి బయటికి పోతాడు. మగాళ్లు ఇంతే.

వదినా, చిన్న పని. పక్కింటామెకి నిద్ర లేదు. పాపం గుండెదడ అంటుంది, చేతులకి చెమటలు అంటుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే సిగ్గు. నీకు పనిచేసిన మాత్రలే ఆమెకీ పనిచేస్తాయి కదా. ఏప్రిల్‌లో ఎలాగూ నారింజ పూలనీళ్లు దించుతావు, నాకో సీసా పంపుతావు. ఆ మూటలోనే ఓ పదో పదిహేనో మాత్రలు దూదిలో చుట్టి పెట్టు. ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకరికి మంచి చేస్తే దేవుడు నీకు రెట్టింపు చేస్తాడు.

మర్చిపోకు.

నీ ఆడపడుచు
రెబీహా

*

కాన్‌స్టాంటీన్,
ఏప్రిల్ మధ్యలో

రెబీహా,

నారింజ పూలు వచ్చాయి. మెట్లవీధంతా ఆ వాసనే. రాగి బట్టీ మీద నీళ్లు దించుతుంటే పక్కవాళ్లంతా సీసాలు పట్టుకుని వచ్చారు. మొదటి సీసా నీకే. ఈ మూటలో ఉంది.

మాత్రలు లేవు. కోప్పడకుండా చదువు.

పెట్టాను, నిజంగానే పెట్టాను. నువ్వు అడిగినట్టే దూదిలో చుట్టి, నీకోసం అల్లిన మేజోళ్లలో దోపి, మూట కుట్టాను. డాక్టరమ్మ దగ్గర చూపించుకునే రోజు కూడా కావడంతో, పోస్టాఫీసుకి పోయే దారిలో ముందు అక్కడికి పోయాను. ఆమెతో అబద్ధం చెప్పలేను, ఎందుకో. చెప్పేశాను.

"ఆ పక్కింటామె వయసెంత?" అంది.

"తెలీదు."

"కడుపుతో ఉందా? గురక పెడుతుందా? ఊపిరితిత్తుల జబ్బేమైనా ఉందా? ఇంకేం మందులు వాడుతోంది?"

"తెలీదు డాక్టరమ్మా."

"ఏం పని చేస్తుంది? పొయ్యి దగ్గరా, యంత్రం దగ్గరా, రోడ్డు మీదా? మత్తు వస్తే ఏం ప్రమాదమో తెలుసుకోకుండా ఎలా ఇస్తావు?"

"ఆమె ఎవరో నాకసలు తెలీదు. మా ఆడపడుచుకి తెలుసు."

"మీ ఆడపడుచు డాక్టరా?"

"కాదు, కానీ అలాగే అనుకుంటుంది" అన్నాను. నవ్వింది. నవ్వి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నీకు ఇది రాసిచ్చే ముందు నీ గుండె చూశాను, నీ సంచి చూశాను, నీ ఏడుపు చూశాను. ఆమెవి ఎవరు చూశారు? ఆమెని ఏదైనా ఆసుపత్రికి తీసుకుపొమ్మని చెప్పు. సిగ్గుగా ఉంటే మీ ఆడపడుచుని తోడు వెళ్లమను" అంది.

బయటికొచ్చి బల్ల మీద కూర్చుని మూట విప్పి, మాత్రలు తీసి, మళ్లీ కుట్టాను. నువ్వు అడిగినది నేను ఇవ్వకపోవడం ఇదే మొదటిసారి. చెయ్యి రాలేదు నిజానికి, కానీ తీశాను. పక్కింటామెకి నేను చెప్పినట్టు చెప్పు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేను పోయి వచ్చాను కదా.

ఇంకో సంగతి. నేను వంతెన దగ్గరికి పోతున్నాను. డాక్టరమ్మే పొమ్మంది. "మాత్ర నీ భయాన్ని కాస్త కూర్చోబెడుతుంది, అంతే. వంతెన దాటించేది మాత్ర కాదు, నువ్వే" అంది. ముందు వంతెన మొదట్లో ఉన్న రాతి కమాను దాకా పోయి నిలబడాలి. దడ వస్తే పారిపోకూడదు. దడ పెరుగుతుంది, పెరిగి పెరిగి దానంతటదే దిగుతుంది, అది దిగిందాకా ఉండి అప్పుడు వెనక్కి రావాలి. లల్లా ఫతూమా బుట్టలో చట్రం పెట్టుకుని ఒడ్డున కూర్చుంటుంది. దారిన పోయేవాళ్లు ఏమిటని అడిగితే "మా పిల్ల వంతెనకి కాపలా కాస్తోంది" అంటుంది. నలభై ఐదేళ్లదాన్ని, నన్ను పిల్ల అంటుంది.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

ఉనీసా

*

అన్నాబా,
ఏప్రిల్ ఆఖరు

వదినకి,

సీసా అందింది. మేజోళ్లు అందాయి. వాటిలో ఏమీ లేదు, చూశాను.

అవును, నేను డాక్టర్ని కాను. నువ్వూ నీ డాక్టరమ్మా కలిసి నవ్వుకున్నందుకు సంతోషం.

ముగ్గురు పిల్లల్ని మట్టిలో పెట్టి, యుద్ధంలో ఇల్లు కాలిపోయి, మమ్మల్ని వీపున వేసుకుని కొండలు దిగింది మా అమ్మ. ఆమె గుండె దడదడలాడలేదా? ఒక్క మాత్ర మింగలేదు. రంజాన్ వస్తోంది. ఉపవాసంలో పగలంతా ఎలాగూ మింగలేవు, చూద్దాం నీ మాత్రలు లేకుండా ఎలా బతుకుతావో. మాత్రలు ఉన్నవాళ్లకి లేనివాళ్ల బాధ ఏం తెలుస్తుంది.

అందరం క్షేమం.

రెబీహా

*

కాన్‌స్టాంటీన్,
రంజాన్ మొదటి వారం

రెబీహా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాసే స్థితిలో లేను.

నువ్వు రాసినది చదివి ఆ రోజే మాత్రలు డబ్బాలో పెట్టి అలమారా పైకి విసిరేశాను. అత్తగారిని తలుచుకున్నాను. ఆమె కోడలిని నేను, ఆమె మోసినదాంట్లో నేను మోసేదెంత అనుకున్నాను. రంజాన్ కూడా దగ్గరపడింది, ఇదే మంచి ముహూర్తమనుకున్నాను. డాక్టరమ్మ "ఆపాలనిపిస్తే నాతో చెప్పు" అన్న మాట గుర్తుంది. గుర్తుండే చెప్పలేదు. చెబితే వద్దంటుందని.

మొదటి రోజు ఏమీ కాలేదు. ఇంతేనా అనుకుని నీకు గొప్పగా ఉత్తరం రాద్దామనుకున్నాను కూడా. తర్వాత నిద్ర పోయింది. వెలుతురు కళ్లలో గుచ్చుకునేది. మెట్లవీధిలో రాగి పళ్లేలు కొట్టే చప్పుడు చెవిలో కాదు, పళ్లలో వినపడేది. చెమటలు. ఇంతకుముందు వంతెన మీద వచ్చిన భయం ఇప్పుడు వంటింట్లో, పక్కమీద, ఎక్కడ పడితే అక్కడ వచ్చేది, అప్పటికంటే గట్టిగా.

అయినా చుట్టుదారిలో కుట్టుశాలకి పోయాను. అల్జీర్స్ నుంచి పెళ్లికూతురు కొలతలు సరిచూసుకోవడానికి వచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని గౌను అంచు పట్టుకున్నాను. చేతులు నావి కావు. గుండుసూదులు నేల మీద చిందరవందరగా పడ్డాయి. ఆ పిల్ల "ఖాలా, మీకు ఒంట్లో బాగోలేదా?" అంటుంటే వినపడింది. తర్వాత కళ్లు తెరిచేసరికి లల్లా ఫతూమా ఒళ్లో నా తల ఉంది. ఆవిడ ఏడుస్తోంది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఎవరు ఆపమన్నారు?" అని మాత్రం అడిగింది.

"నేనే."

"వచ్చే వారం నుంచి నేనే తగ్గించడం మొదలుపెడదామనుకున్నాను ఉనీసా. ఈ మందుకి ఒళ్లు అలవాటు పడ్డాక ఒక్కసారిగా లాగేస్తే ఒళ్లు ఎదురుతిరుగుతుంది. మూర్ఛ కూడా రావచ్చు. నీకు వచ్చింది దాదాపు అదే. అదృష్టం, వంతెన మీద కాదు, పొయ్యి దగ్గర కాదు."

నేను బలహీనురాలినా అని అడిగాను. "మెట్లు దిగేవాళ్లు బలహీనులా? పై మెట్టు నుంచి దూకనివాళ్లు బలహీనులా?" అంది. ఒంట్లో బాగోలేనివాళ్లకి ఉపవాసం తప్పనిసరి కాదని, మసీదు ఇమామ్‌ని అడిగినా అదే చెబుతాడని అంది. నేను ఉంటానంటే, రెండు పూటల మాత్రనీ సూర్యాస్తమయం భోజనానికి, తెల్లవారుజాము భోజనానికి మార్చింది. కళ్లు తిరిగితే మాత్రం ఉపవాసం విడిచేస్తానని నా చేత మాట తీసుకుంది. ఇక రంజాన్ తర్వాత కొంచెం కొంచెంగా, వారాల తరబడి తగ్గిస్తాం.

నీ మాట వల్ల కాదని రాద్దామనుకున్నాను. అబద్ధమవుతుంది. నీ మాట వల్లనే. కానీ డబ్బా విసిరిన చెయ్యి నాది. అందుకని నీ మీద కోపం లేదు. ఉన్నా, మొన్న సాయంత్రం షోర్బా తాగుతుంటే పోయింది, అందులో కొత్తిమీర నువ్వు వేసినట్టే ఎక్కువ పడింది.

పక్కింటామె ఎలా ఉంది? దేవుడి తోడు, ఆమెని ఇలా మాత్రం వదిలెయ్యకు.

ఉనీసా

*

అన్నాబా,
రంజాన్ రెండో వారం

వదినా, నా తల్లీ,

పక్కింటామె లేదు.

పక్కింట్లో ఉన్నది ముసలి జాలరి, మొద్దులా నిద్రపోతాడు. మాత్రలు అడిగింది ఖమీసీ కోసం.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు తనే ఒట్టు తీసేశాడు, రాయమన్నాడు. నేను రాస్తుంటే పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాడు. నువ్వు నమ్మవు, బఠానీలు ఒలుస్తున్నాడు.

చలికాలంలో సెరైదీ దారిలో పొగమంచులో లారీ ఎదురొచ్చింది. ఖమీసీ పక్కకి తిప్పాడు. ముందు చక్రం అంచు దాటి గాలిలోకి పోయింది. లోపల జనం నిండా ఉన్నారు. ఒక్కొక్కళ్లనీ వెనక తలుపు నుంచి దింపాడు, ఆఖర్న తను దిగాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. డిపోలో భుజం తట్టారు, టీ ఇచ్చారు, మర్నాడు మళ్లీ అదే బస్సు ఇచ్చారు. అప్పట్నుంచి ఆ మలుపు వస్తే స్టీరింగ్ చెమటతో జారిపోయేదట. కాళ్లు బండబారిపోయేవట. నెమ్మదిగా పోతే వెనక నుంచి "ఏం బాబాయ్, గాడిద బండి తోలుతున్నావా?" అని ఎగతాళి. డాక్టరు దగ్గరికి పోతే డిపోకి తెలుస్తుంది, బండి లాగేసుకుంటారు. బండి లేకపోతే తనెవరు? అదీ భయం.

నీ మొదటి ఉత్తరం నేను చదివి వినిపించినప్పుడు నా చెయ్యి పట్టుకుని "నాకూ అవి తెప్పించు" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా దగ్గర ఏదైనా అడుక్కోవడం అదొక్కసారే. నువ్వు పంపలేదని నాకు అంత ఒళ్లుమండింది అందుకే. నీ మీద రాసిన ఆ మాటలు, వదినా, రాసిన కాగితం తినెయ్యాలనిపిస్తోంది.

నువ్వు పంపకపోతే ఏం, డిపోలో ఇంకో డ్రైవరు ఎవరివో మాత్రల అట్ట ఒకటి తెచ్చిచ్చాడు. ఏ మాత్రో, ఎంత బలమో ఎవడికి తెలుసు. రంజాన్‌కి ముందు శుక్రవారం, బండి లేని రోజు, "ఇంట్లో వేసుకుని చూస్తా, బాగుంటే రేపట్నుంచి బండెక్కే ముందు వేసుకుంటా" అన్నాడు. జలుబుకి దగ్గుమందు తాగుతున్నాడు అప్పటికే. నీ మొదటి ఉత్తరంలో దగ్గుమందు సంగతి రాశావు. ఇద్దరం చదివాం. ఇద్దరికీ గుర్తు రాలేదు. ఒకటి చాల్లేదని ఇంకోటి కూడా మింగాడు.

మధ్యాహ్నం కుస్‌కుస్ వడ్డించాను. చెంచా నోటి దాకా పోయింది, అక్కడే ఆగింది. ఏదో జోకు వేస్తున్నాడనుకున్నాను. తల పళ్లెం మీదికి వాలిపోయింది. లేపాను, కుదిపాను, నీళ్లు కొట్టాను. ఊపిరి ఉంది, కానీ ఎంత నెమ్మదిగా ఉందంటే, ఒకటి అయ్యాక రెండోది వస్తుందా రాదా అని నేను నా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఆ జాలరి ముసలాయనే పరుగెత్తి వచ్చి, ఖమీసీని పక్కకి తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు పిలిపించాడు. ఆసుపత్రిలో ఏం మింగాడని అడిగారు. అట్ట చూపించాను, దగ్గుమందు సీసా చూపించాను. నర్సు ఆ రెంటినీ చూసి, నన్ను చూసి, రెంటినీ పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. సాయంత్రానికి కళ్లు తెరిచాడు. మొదటి మాట ఏమిటో తెలుసా? "ఇవాళ శనివారమా?" అని. బండెక్కే రోజు శనివారం.

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. శనివారం అయి ఉంటే, ఆ మలుపు, ఆ జనం.

ఇదంతా సిగ్గుతో నీకు దాచాను. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నువ్వు పడిపోయావని చదవగానే, ఇంట్లో ఒకణ్ణి, దూరాన ఒకదాన్ని, ఇద్దర్నీ నేనే తోశాననిపించింది. నన్ను క్షమించు అని రాయను, నువ్వు అప్పుడే క్షమించేశావు, కొత్తిమీర సంగతి రాసినప్పుడే తెలిసింది. కృతజ్ఞత అని రాస్తాను. మూట విప్పి మళ్లీ కుట్టినందుకు.

ఆసుపత్రి డాక్టరే ఖమీసీని మనసు డాక్టరుకి చూపించాడు. ఆయన వేరే మందు రాశాడు, తేలికది, నిదానంగా పనిచేస్తుందట. వారం వారం పోయి మాట్లాడాలి. తను సరే అనేదాకా స్టీరింగ్ ముట్టుకోకూడదన్నాడు. డిపో పెద్దాయన దగ్గరికి నేనే పోయాను. తలుపు కొట్టేటప్పుడు నాకూ దడే. "చెప్పినందుకు బతికించావమ్మా" అన్నాడాయన. టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

ఖమీసీ బఠానీలు అయిపోయాయి. నీకు సలాం చెప్పమంటున్నాడు. తల ఎత్తడం లేదు.

నీ రెబీహా

*

కాన్‌స్టాంటీన్,
జూలై

రెబీహా, ఖమీసీ అన్నయ్యా,

ఇది ఇద్దరికీ.

మీ ఉత్తరం లల్లా ఫతూమాకి కూడా చదివి వినిపించాను, కోప్పడకండి. విని, "అందర్నీ దింపి ఆఖర్న దిగినవాడికి దడ రాకపోతే ఇంకెవరికి వస్తుంది?" అంది. అన్నయ్యా, ఆ మాట మీకోసమే రాస్తున్నాను. నేను ఒట్టి చేతులతో నడుస్తూ భయపడ్డాను. మీరు అంతమందిని మోస్తూ భయపడ్డారు.

నా మాత్ర ఇప్పుడు పావు వంతుకి వచ్చింది. తగ్గించిన ప్రతిసారీ కొన్నాళ్లు చిరాగ్గా ఉంటుంది, కలలు పిచ్చిగా వస్తాయి. మొన్న మీ అన్న నారింజ చెట్టెక్కి పాట పాడుతున్నట్టు కల, ఆయన గొంతు తెలుసుగా. అలాంటప్పుడు డాక్టరమ్మ "ఇక్కడే ఇంకో వారం ఆగుదాం, మనకేం రైలు తప్పిపోవట్లేదు" అంటుంది. ఎలా తగ్గించాలో ఆమె చెబుతుంది, ఎప్పుడు కష్టంగా ఉందో నేను చెబుతాను. ఇందులో ఎవరూ ఎవరికీ దాచడానికి లేదు.

రంజాన్ పండగ మర్నాడు వంతెన దాటాను.

గొప్పగా ఏమీ జరగలేదు. మధ్యకి వచ్చేసరికి దడ వచ్చింది, వస్తుందని తెలుసు. ఆగాను. ఎదురుగా ఒకాయన గొర్రెని తోలుకొస్తున్నాడు. అది కదలనని మొండికేసింది. ఆయన దాని వెనక కాళ్లు పట్టుకుని తోస్తూ, నన్ను చూసి "అక్కా, మీరు కాస్త ముందు నడిస్తే ఇది మీ వెనకాల వస్తుంది, దీనికి ఆడవాళ్లంటే నమ్మకం" అన్నాడు. నవ్వొచ్చింది. నడిచాను. అది నిజంగానే నా వెనకాల వచ్చింది. అవతల ఒడ్డు చేరాక చూసుకుంటే దడ ఎక్కడ దిగిందో తెలీలేదు.

దాటాక రాయి మీద కూర్చుని మీ అన్నకోసం ఏడ్చాను, రెబీహా. భయంతో కాదు. ఉత్త ఏడుపు, శుభ్రమైన ఏడుపు.

అన్నయ్యా, టికెట్ల కిటికీ దగ్గర కూర్చోవడం నామోషీ అనుకోకండి. ఈ చెల్లెలు ఇంటి గుమ్మం దాటలేక కూర్చున్న రోజులు చూసింది.

ఉనీసా

*

అన్నాబా,
అక్టోబరు

వదినా,

నువ్వు మాత్ర పూర్తిగా మానేసి నెల దాటిందని చదివి ఇల్లంతా ఎగిరాను. జాలరి ముసలాయనకి చెబితే రెండు చేపలిచ్చాడు, ఎందుకో ఆయనకే తెలీదు.

నా సంగతి రాయను, నేనెప్పుడూ ఉండేదాన్నే. కాగితం ఖమీసీ లాక్కుంటున్నాడు. పెళ్లి కాగితం మీద సంతకం తర్వాత ఈయన రాసే మొదటి రాత ఇదేననుకుంటాను. తప్పులుంటే నవ్వకు.

రెబీహా

చెల్లెమ్మా ఉనీసా,

నాకు రాయడం రాదు. చెప్పాల్సింది చెబుతాను.

వేసవంతా టికెట్లు చించాను. డాక్టరుతో మాట్లాడాను. మొదట్లో గోడకేసి చూస్తూ మాట్లాడేవాణ్ణి. ఖాళీ బండితో, పక్కన ఇంకో డ్రైవరుని పెట్టుకుని ఆ మలుపు దాకా పోయి వచ్చేవాణ్ణి. నువ్వు కమాను దగ్గర నిలబడ్డట్టే. చెమట పట్టేది. దిగిందాకా ఉండేవాణ్ణి. పోయిన వారం డాక్టరు సరే అని కాగితం మీద రాసిచ్చాడు. మందు వల్ల మత్తు లేదని నిర్ధారించుకున్నాకే ఇచ్చాడు.

నువ్వు ఆ మాత్రలు పంపి ఉంటే శుక్రవారం దాకా ఆగేవాణ్ణి కాదు. నీవి కదా, నీకు పనిచేశాయి కదా అన్న ధైర్యంతో, మూట విప్పిన మర్నాడే, పొద్దున్నే, కీ తిప్పే ముందు మింగేవాణ్ణి. ఎవరివో తెలియని మాత్రలు కనకనే ముందు ఇంట్లో చూద్దామనుకున్నాను. ఈ సంగతి రెబీహాకి కూడా ఇవాళే చెబుతున్నాను. రాస్తుంటే భుజం మీంచి చదువుతోంది.

నువ్వు లేదన్నావని నేనూ లోపల తిట్టుకున్నాను. అలాంటి 'లేదు' ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. మొన్న డిపోలో ఒక కుర్ర డ్రైవరు వచ్చి "బాబాయ్, నువ్వు వాడే మాత్ర నాకూ ఒకటివ్వు" అన్నాడు. లేదన్నాను. మొహం మాడ్చుకున్నాడు. చెయ్యి పట్టుకుని నా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఇవాళ పొద్దున మొదటిసారి నిండు బండి నడిపాను. నా వెనక సీట్లో ఒక ముసలావిడ బుట్టలో కోడితో కూర్చుంది. దారి పొడుగునా నన్ను సాధించింది. "నాయనా, ఈ నడకకి నా కోడి గుడ్డు పెట్టి పిల్ల కూడా అవుతుంది" అంది. అందరూ నవ్వారు. ఆ మలుపు ఎప్పుడు దాటామో ఆవిడ చూడలేదు. ఆవిడ చూడాల్సిందేమీ జరగలేదు.

సెరైదీలో దిగుతూ నా వైపు తిరిగి "దేవుడు నిన్ను చల్లగా చూడాలి, కాస్త తొందరగా నడుపు" అంది.

ఆవిడకి నువ్వెవరో తెలీదు చెల్లెమ్మా. అందుకని ఆ దీవెన నేను తీసుకుని, సగం నీకు పంపుతున్నాను.

ఖమీసీ